ముందు ఖాళీ చోట కొలవాలి

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. కంటికి కనపడనిది, వాసన లేనిది, ముట్టుకుంటే వెచ్చగా కూడా అనిపించనిది ఏదో తన చేతులకు అంటుకుని, తనతో పాటే ఆఫీసు పిల్లల క్రెష్ దాకా నడిచొచ్చి, పాలు తాగే పాప బుగ్గకు అంటుకుంటుందేమోనని. దొంగలంటే భయం లేదు, బల్లులంటే లేదు. అత్తగారంటే ఉంది కానీ అది వేరే రకం. ఈ భయం మాత్రం రోజూ ఆమెతో పాటే డ్యూటీ ఎక్కి ఆమెతో పాటే దిగేది.

ఆమె పని లాబ్‌లో గాజుసామాను కడగడం. మందు ఒంట్లోకి వెళ్ళాక ఏ దారిన పోతుందో కనిపెట్టడానికి, అందులో చిటికెడు రేడియోధార్మిక పదార్థం కలిపి ఎలుకలకు ఎక్కించి చూసే లాబ్ అది. ఆ బీకర్లూ గొట్టాలూ కడిగేది కాబట్టి అందరూ ఆమెను గాజులమ్మాయి అనేవారు. నిజానికి ఆమె చేతికి ఒక్క గాజు కూడా ఉండదు, లాబ్‌లో వేసుకోకూడదు. చదువు తొమ్మిదో తరగతి సగంలోనే ఆగిపోయింది. అయితేనేం, గోడ మీది పదకొండు నిబంధనల బోర్డును రోజూ తుడిచేది ఆమే. ఆ బోర్డు రాసినవాళ్లకు రాకపోవచ్చు గానీ, ఆమెకు మాత్రం కంఠతా వచ్చు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే సేఫ్టీ మేడం ఆమె భయాన్ని కనిపెట్టింది. నవ్వలేదు, కోప్పడలేదు. ఒక మీటరు తెచ్చి చేతిలో పెట్టింది.

"భయపడు. తప్పులేదు. కానీ కొలవకుండా భయపడకు," అంది. "మీటరు చేతికి రాగానే అనుమానం ఉన్నదాని మీదికి పరిగెత్తొద్దు. ముందు ఖాళీ చోట కొలవాలి. ఏమీ లేని చోట కూడా ఇది టిక్కు... టిక్కు... అంటూనే ఉంటుంది. నేలలో, గోడల్లో ఎప్పుడూ కాస్త ఉంటుంది మరి. అదెంతో రాసుకుని, ఆ తర్వాతే చేతులు చూసుకో. ఖాళీ చోట కొలవనివాడిది కొలతే కాదు."

ఆ మాట ఆమె మనసులో మేకు దిగినట్టు దిగింది. అప్పటినుంచీ కోటు, రెండు జతల గ్లవ్స్, ఛాతీ మీద బ్యాడ్జి లేకుండా సింకు దగ్గరికి వెళ్ళలేదు. నెలకోసారి ఆ బ్యాడ్జి తీసుకెళ్ళి, ఒంటికి ఎంత తగిలిందో చూసి చెబుతారు. ఆకుపచ్చ స్టిక్కరు లేని సీసాను వేలితో కూడా తాకేది కాదు. అలాంటివన్నీ పసుపు తలుపు వెనక వారాల తరబడి పడుకుని, వాటంతటవే చల్లారాలి. పని అయ్యాక చేతులు, అరికాళ్లు, కోటు ముందుభాగం, అన్నీ ఒక్కసారి కొలవమంటే ఆమె మూడుసార్లు కొలిచేది.

ఆ పదకొండు నిబంధనల కింద సంతకం పెట్టింది ఏఓ గారు, ఆఫీసు పరిపాలన చూసే అధికారి. లాబ్ సంగతులు ఆయనకు తెలియవు. ఫైళ్ల నుంచి వచ్చినవాడు, ఫైళ్లలోనే పెరిగినవాడు. నిబంధనలు ఆయన సంతకం పెట్టడానికి, మిగతావాళ్లు పాటించడానికి. బ్యాడ్జి పెట్టుకుంటే మంచి కోటుకు చిల్లు పడుతుందని ఆయన దాన్ని సొరుగులోనే ఉంచుకున్నాడు.

ఆ రోజు గాజులమ్మాయి ప్లాను చాలా చిన్నది. పదిన్నరకల్లా గాజుసామాను ముగించాలి. పావు తక్కువ పదకొండుకి క్రెష్‌కి వెళ్ళి పాపకు పాలివ్వాలి. ఒంటిగంటన్నరకు పర్మిషన్ పెట్టి, రెండింటికి తొమ్మిదో నెల టీకా వేయించాలి. మొగుడు లారీ మీద ఊరు దాటి నాలుగు రోజులైంది. సేఫ్టీ మేడం వేరే ఆఫీసులో శిక్షణ తరగతులు చెప్పడానికి వెళ్ళింది. భోజనాల వేళ దాకా ఆమె ఫోను ఆపేసే ఉంటుంది. అయినా పని మామూలు పనే. ఏమవుతుంది కనుక?

పదీ నలభైకి ఆమె గుమ్మం దగ్గరి బల్ల ముందు నిలబడింది. ఖాళీ చోట కొలిచింది. టిక్కు... టిక్కు. కుడిచేయి, టిక్కు... టిక్కు. ఎడమచేయి, అంతే. హాయిగా ఊపిరి పీల్చుకుని రెండోసారి మొదలుపెట్టబోతుండగా, వెనకనుంచి ఏఓ గారి గొంతు వినిపించింది. ఆయన ఆ పూట ఆలస్యంగా వచ్చాడు, అదేదో సొంత పనని అందరికీ చెప్పాడు. వస్తూ వస్తూనే ఎవరినో ఒకరిని కేకలేయకపోతే ఆయనకు ఆఫీసుకు వచ్చినట్టుండదు.

"రిజిస్టరులో నిన్న సంతకం గీత దాటింది నీదేనా?" అంటూ ఆమె భుజం పక్కకి వచ్చి నిలబడ్డాడు.

అంతే. మీటరు టిక్కుటిక్కుమనడం మానేసి ఒక్కసారిగా కీచుమని అరవడం మొదలుపెట్టింది. టిటిటిటిటి అంటూ, ఊపిరి తిప్పుకోకుండా, పురుగు కుట్టిన పిల్లలా. రెండేళ్లలో ఆ మీటరు ఆమె చేతుల మీద అలా అరవడం అదే మొదటిసారి.

"ఏమిటా కూత?"

"తె... తెలీదు సార్. ఇప్పుడేగా చూశాను, బాగానే..."

"బాగానే ఉంటే అరుస్తుందా? ఇటివ్వు!" మీటరు లాక్కుని ఆయనే ఆమె చేతుల మీద పెట్టాడు. అరిచింది. మోచేతుల మీద పెట్టాడు. అరిచింది. "కడుగు!"

కడిగింది. మీటరు అరిచింది. మళ్ళీ కడిగింది. మళ్ళీ అరిచింది. మూడోసారికి చేతులు కందిపోయి, చర్మం మంట పుట్టింది. టెక్నీషియన్ పరిగెత్తుకొచ్చాడు. అక్కడ ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి, ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. పని బాగా తెలుసు గానీ ఏఓ గారి ముందు నోట్లో నాలుక ఉండదు.

"సార్, ముందు ఒకసారి ఖాళీ చోట..." అన్నాడు బాబాయ్.

"మేడం లేరు. నేనున్నాను. ఇక్కడ పాఠాలొద్దు."

బాబాయ్ అన్న ఆ మాట, పాపం, అలాగే గాల్లో ఉండిపోయింది.

తర్వాత ఆమె చెప్పుల దగ్గర కొలిచాడు. అరిచాయి. కోటు అరిచింది, హ్యాండ్‌బ్యాగు అరిచింది, టిఫిన్ బాక్సు మూత తీస్తే లోపల సగం తిన్న రొట్టెముక్క కూడా అరిచింది. ఒక్కొక్కటీ పసుపు సంచిలో వేసి టేపు చుట్టించాడు. ఆమె కూర్చునే స్టూలు కూడా సంచిలోకి పోయింది. అది పట్టకపోతే కాళ్లు బయటికి వదిలేసి కట్టారు. చెప్పుల్లేకుండా, కోటు లేకుండా, చల్లటి గచ్చు మీద నిలబడిన గాజులమ్మాయిని చూస్తూ ఏఓ గారు తల పంకించాడు.

"రిటైరయ్యే ముందు నా సర్వీసు ఎక్స్‌టెన్షన్ ఫైలు పైకి వెళ్ళిన వారంలోనే తేవాలా ఈ గొడవ? సంపాదించుకున్న పేరంతా మట్టిపాలు. ఏ సీసా ముట్టుకున్నావ్? నిజం చెప్పు."

"ఆకుపచ్చ స్టిక్కరున్నవే సార్. ఒట్టు."

"మరి ఈ చేతులతో ఇప్పుడు ఎక్కడికి బయల్దేరావ్?"

"క్రెష్‌కి సార్. పాపకి పాలివ్వడానికి. రోజూ ఇదే టైముకి..."

"రోజూనా?" ఆయన రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "రోజూ ఈ చేతులతో పిల్లల్లోకి వెళ్తున్నావా! టెక్నీషియన్, సంచులు పట్టుకో. నువ్వు పది అడుగులు వెనకాల రా. దేన్నీ ముట్టుకోకు. పిల్లను అసలే ముట్టుకోకు."

పిల్లను ముట్టుకోకు అన్న మాట వినేసరికి ఆమె రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుంది. ఇన్నాళ్లూ కడిగి, తుడిచి, మూడుసార్లు కొలిచి తప్పించుకుంటున్న భయం ఎదురుగా వచ్చి కూర్చున్నట్టైంది. నిన్న రాత్రి పాపను ఏ చేత్తో జోకొట్టింది? పొద్దున ఏ వేలు చప్పరించనిచ్చింది? లెక్కలు వేసుకుంటూ, చేతులు గాల్లోనే పెట్టుకుని, ఏఓ గారి వెనక పది అడుగుల దూరంలో ఉత్తకాళ్లతో నడిచింది.

దారిలో ఏఓ గారు టీ మిషన్ కొలిచాడు, అరిచింది. లిఫ్టు మీటలు అరిచాయి. నోటీసు బోర్డు అరిచింది. "ఎక్కడెక్కడ తిరిగిందిరా ఈ మనిషి!" అని ఆయన ఆశ్చర్యపోతూ ముందుకు సాగాడు. వెనక బాబాయ్ ఒక్కోదానికీ టేపు చుడుతూ వచ్చాడు. లిఫ్టుకు టేపు చుట్టేశాక అందరూ మెట్లు దిగాల్సి వచ్చింది. మధ్యలో రెండుసార్లు ఏఓ గారు నీళ్లసీసా ఎత్తి గటగటా తాగాడు. హడావిడిలో దాహమేమో అనుకున్నారు.

క్రెష్‌లో పదకొండు మంది పిల్లలు, ఒక ఆయమ్మ, ఒక చెక్కగుర్రం. ఏఓ గారు తలుపు తోసుకుని సూటిగా వెళ్ళి పాప మీదికి వంగాడు. ఆయన ఒళ్లు పాప పడుకున్న తొట్టికి ఆనుకునే ఉంది. మీటరు పాప పొట్ట దగ్గర పెట్టాడు. అది మునుపటికంటే గట్టిగా అరిచింది. పాప ముందు ఆ చప్పుడు విని కిలకిలా నవ్వింది, మీటరు పట్టుకోబోయింది. ఇంతలో గుమ్మం దగ్గర అమ్మ కనపడింది. పాలవేళ దాటిపోయిందని గుర్తొచ్చింది కాబోలు, రెండు చేతులూ చాచి ఏడుపు అందుకుంది.

ఆ ఏడుపు వినగానే ఆమెకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. ఒక్క అడుగు ముందుకు వేసింది.

"ఆగు! పిల్ల కూడా అరుస్తోంది, వినపడట్లా?"

"ఆకలేసి ఏడుస్తోంది సార్ అది."

"నేను చెప్పేది మీటరు సంగతి!"

ఆయన పక్క తొట్టి కొలిచాడు, అదీ అరిచింది. చెక్కగుర్రం అరిచింది. ఆయమ్మ చీరకొంగు అరిచింది. ఆయమ్మ ఊరుకునే రకం కాదు. "ఏమయ్యా, నా కొంగు ఏం చేసింది? పొద్దున్నుంచీ ముక్కులు తుడవటం తప్ప దానికి వేరే పనుందా?" అంటూ కొంగు లాక్కుంది. ఏఓ గారు పిల్లలందరినీ ఆ గదిలోనే ఉంచి తలుపు వేయమన్నాడు. గది మూల కుర్చీలు అడ్డం పెట్టించి గాజులమ్మాయిని వాటి అవతల నిలబెట్టాడు. అక్కడికక్కడే ఒక మెమో రాశాడు. నిబంధనలు ఉల్లంఘించి, సంస్థను, పసిపిల్లలను ప్రమాదంలోకి నెట్టినందుకు విధుల నుంచి తొలగించడమైనది. తదుపరి ఉత్తర్వుల వరకు బిడ్డను తాకరాదు.

బిడ్డను తాకకూడదట, అందుకు ఉత్తర్వులట! ఆమెకు ఆ కాగితం చదవగానే ఏడుపు రావాల్సింది. రాలేదు. ఆ కాగితాన్ని వదలకుండా పట్టుకుంది.

ఏఓ గారు అక్కడితో ఆగలేదు. ఇంటికి ఫోను చేయించి, ఆమె ఈ వారంలో ముట్టుకున్న వస్తువులన్నీ తెమ్మని అత్తగారికి చెప్పించాడు. ఆ అత్తగారు ఒకటి చెబితే ఇంకోటి చేసే మనిషి కాదు. అన్నీ అంటే అన్నీ. ముప్పావుగంటలో చిన్న ట్రాలీబండి వచ్చి గేటు దగ్గర ఆగింది. అందులో పరుపు, ఊయల, కుక్కరు, మూడు బకెట్ల బట్టలు, చీపురు, గోడగడియారం. అన్నిటి పైన, రాణీగారిలా, అత్తగారు.

"ఏమయ్యా పెద్దమనిషీ, నా మనవరాలికి ఏమైంది?" అంటూ దిగింది.

"ముందు వస్తువులు చూడనివ్వండి." ఏఓ గారు బండి ఎక్కి ఒక్కొక్కటీ కొలిచాడు. పరుపు అరిచింది, కుక్కరు అరిచింది, చీపురు కూడా పుల్ల పుల్లకీ అరిచింది. "ఇవేనా? ఇంకేమైనా ఉందా?"

అత్తగారు కాసేపు ఆలోచించి, నోట్లో చెయ్యి పెట్టి పళ్లసెట్టు తీసి చేతిలో పెట్టింది. "రోజూ రాత్రి ఇది కడిగిపెట్టేదీ మా కోడలే," అంది, బోసినోటితో.

పళ్లసెట్టూ అరిచింది. దాన్నీ కట్టేశారు. అప్పటికి పసుపు సంచులు అయిపోతే, మామూలు సంచుల మీద పసుపు చాక్‌పీసుతో గీతలు గీసి వాడుకున్నారు.

అందరూ తిరిగి క్రెష్ గదిలోకి వచ్చేసరికి ఏఓ గారికి మళ్ళీ బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చింది. పొద్దున్నుంచీ అది నాలుగోసారి. మీటరును క్రెష్ బల్ల మీద పెట్టి, "ఎవరూ కదలొద్దు," అని చెప్పి ఆ వరండా చివరిదాకా వెళ్ళాడు.

గాజులమ్మాయి కుర్చీల అవతల నిలబడి పాపనే చూస్తోంది. ఆయమ్మ పాపను భుజాన వేసుకుని బల్ల పక్కనే అటూ ఇటూ నడుస్తోంది. ఏడ్చి ఏడ్చి పాప వెక్కిళ్లలోకి దిగింది. గదిలో ఆ వెక్కిళ్లు వినిపిస్తున్నాయి. వాటి మధ్యలో ఇంకో చప్పుడు కూడా వినిపిస్తోంది.

టిక్కు... టిక్కు.

ఆమె తల తిప్పింది. బల్ల మీది మీటరు ఊరుకుంది. పాప దాని పక్కనే ఉంది, ఆయమ్మ కొంగు దాని మీదుగా వెళ్తోంది, చెక్కగుర్రం మూరెడు దూరంలో ఉంది. అయినా టిక్కు... టిక్కు. పొద్దున ఖాళీ చోట ఎలా అందో అలా.

వరండాలో బూట్ల చప్పుడు వినపడింది. అది దగ్గరవుతున్నకొద్దీ టిక్కుల మధ్య సందు తగ్గింది. టిక్కు టిక్కు. టిక్‌టిక్‌టిక్. ఏఓ గారు గుమ్మంలోకి వచ్చేసరికి మీటరు మళ్ళీ గుక్కపట్టి అరిచింది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్," అంది. గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "మీరు ఖాళీ చోట కొలిచారా?"

"ఏమిటి?"

"ముందు ఖాళీ చోట కొలవాలి. మేడం చెప్పారు. పొద్దున్నుంచీ మీరు ఒక్కసారన్నా కొలిచారా? చెప్పుల్లేకుండా నిలబెట్టారు, తిండి లాక్కున్నారు, నా బిడ్డను నాకు కాకుండా చేశారు. ఒక్కసారి కొలిచారా?"

అంత గట్టిగా ఆమె మాట్లాడటం బాబాయ్ ఎప్పుడూ వినలేదు. అత్తగారూ వినలేదు. విని, బోసినోటితోనే, "అదీ!" అంది.

"కొలుస్తాను. అదీ చూద్దాం," అన్నాడు ఏఓ గారు. అందరూ చూస్తుండగా గేటు పక్క పార్కింగు మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. చుట్టూ ఏమీ లేదు. మీటరు ఎత్తాడు. అరిచింది.

ఆయన మొహం పాలిపోయింది. "పార్కింగు కూడా పాడైపోయింది! కార్లన్నీ తీయించండి! గేటు మూయండి! ఈ మనిషి ఇక్కడ కూడా తిరిగింది!"

సెక్యూరిటీ అతను ఈల ఊదాడు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. రెండు కార్లు వెనక్కి వెళ్ళబోయి ఒకదాన్నొకటి ముద్దుపెట్టుకున్నాయి. వాటి డ్రైవర్లు దిగి, ఎవరిది తప్పో తేల్చుకోవడానికి చొక్కా చేతులు మడిచారు. ఈ గోలలో గాజులమ్మాయి కుర్చీలు పక్కకు నెట్టి, మెట్లు దిగి, మండే సిమెంటు మీద ఉత్తకాళ్లతో సూటిగా ఆయన దగ్గరికి నడిచొచ్చింది.

"మీటరు ఇవ్వండి సార్."

"నీకా? నీ చేతికా?"

"నాకివ్వకపోతే మా అత్తయ్యకివ్వండి."

అత్తగారు ఆయన ఇచ్చేదాకా ఆగలేదు. "ఇటు తే," అని లాగేసుకుంది.

"అత్తయ్యా, అది పట్టుకుని ఆ చివరి గోడ అవతలికి వెళ్ళండి. వెళ్తూ వినండి."

అత్తగారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడిచింది. నడుస్తున్నకొద్దీ కీచు తగ్గింది. గోడ దాటాక అవతలినుంచి కేక వినపడింది. "ఊరుకుందే అమ్మాయ్! పిల్లిలా ఉంది!"

"బండి కూడా అటే పంపుతున్నాను, పరుపు దగ్గర పెట్టి చూడండి."

పరుపు దగ్గరా ఊరుకుంది. కుక్కరు దగ్గరా అంతే. బాబాయ్‌కి ఎక్కడినుంచి ధైర్యం వచ్చిందో, గబగబా వెళ్ళి పళ్లసెట్టు సంచి విప్పి అదీ కొలిపించాడు. చడీచప్పుడూ లేదు. అత్తగారు అక్కడికక్కడే పళ్లు పెట్టేసుకుంది, మాట్లాడాల్సింది చాలా ఉందని.

గాజులమ్మాయి గోడ దగ్గరికి వెళ్ళి మీటరు తీసుకుంది. ఎదురుగా పట్టుకుని ఏఓ గారి వైపు ఒక్కో అడుగూ వేసింది. అడుగడుక్కీ దాని గొంతు పెరిగింది. ఆయన వెనక్కి జరిగాడు. ఆమె ముందుకు జరిగింది. వెనక కారు అడ్డం వచ్చి ఆయన ఆగిపోయాడు. మీటరు ఆయన ఛాతీకి జానెడు దూరంలో పెట్టేసరికి అది గుక్కపట్టింది. పార్కింగులో ఆ రోజు దాకా ఎవరూ అంత గట్టిగా అరవలేదు, ఏఓ గారు కూడా.

"నా... నా కోటు కూడా పాడుచేసింది! చూడండి అందరూ!"

"తీయండి కోటు," అంది.

తీశాడు. బాబాయ్ దాన్ని గోడ అవతలికి తీసుకెళ్ళాడు, మీటరూ తీసుకెళ్ళాడు. కోటు నోరెత్తలేదు. తిరిగొచ్చి, ఉత్త చొక్కాలో నిలబడిన ఏఓ గారి మీద పెడితే మాత్రం చెవులు చిల్లులు పడ్డాయి. ఇంతలో కోటు జేబులోంచి ఒక మడత కాగితం కిందపడింది. బాబాయ్ విప్పి, కళ్లజోడు సరిచేసుకుని, ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో మొదటిసారి గొంతెత్తి చదివాడు.

"ఈ రోజు ఉదయం గుండె పరీక్ష నిమిత్తం మీకు రేడియోధార్మిక మందు ఎక్కించడమైనది. నీళ్లు బాగా తాగవలెను. తరచు మూత్రవిసర్జన చేయవలెను. రేపటి వరకు చిన్నపిల్లలకు, గర్భిణులకు దూరముగా ఉండవలెను."

ఈల ఊదే సెక్యూరిటీ అతను ఈల నోట్లోనే పెట్టుకుని అలా ఉండిపోయాడు.

"అది... అది వేరే మందు," అన్నాడు ఏఓ గారు. "గుండె ఫోటో తీస్తామన్నారు. సూదేదో వేశారు. కాగితం ఇంటికెళ్ళి చదువుదామని... గుండెలో తేడా ఉందని తెలిస్తే ఎక్స్‌టెన్షన్ ఇవ్వరని, ఎవరికీ చెప్పలేదు. మీటరుకి ఇదంతా తెలుస్తుందని నాకేం తెలుసు?"

"ఏడో నిబంధన," అంది గాజులమ్మాయి. చూడకుండానే చెప్పింది. "వైద్య పరీక్షల కోసం ఒంట్లోకి రేడియోధార్మిక మందు ఎక్కించుకున్నవారు, లాబ్ ఆవరణలోకి వచ్చే ముందు విధిగా తెలియజేయవలెను. ఇట్లు, ఏఓ. సంతకం మీదే సార్. గీత దాటకుండా చక్కగా పెట్టారు."

"అది సిబ్బందికి!"

ఆ మాటతో ఆమెలో ఇంకా ఏమైనా మిగిలి ఉన్న భయం కూడా కాలిపోయింది.

"సిబ్బందికా? బ్యాడ్జి సిబ్బందికి, కొలతలు సిబ్బందికి, మెమోలు సిబ్బందికి. పిల్లలకు దూరంగా ఉండమని కాగితం జేబులో పెట్టుకుని, నా పిల్ల మీదికి వంగింది మీరు. తొట్టికి ఆనుకుని నిలబడింది మీరు. పదకొండు మంది పిల్లల్ని ఒక గదిలో పెట్టి తలుపేయించింది మీరు. ముట్టుకోకూడదని ఉత్తర్వు నాకిచ్చారా? మూడుసార్లు కడిగిన ఈ చేతులకా?"

అత్తగారు, పళ్లు గట్టిగా కొరుకుతూ, "ఇంకా అడుగు. నేనున్నాను," అంది. ఈ ఉద్యోగం మానెయ్యమని రెండేళ్లుగా పోరుతున్నది ఆవిడే.

ఒంటిగంటకు సేఫ్టీ మేడం ఫోను కలిసింది. బాబాయ్ అంతా చెప్పాడు. తర్వాత మేడం గాజులమ్మాయికే ఫోను ఇమ్మంది.

"పాపకేం కాదు. ఆ పరీక్షకు ఇచ్చేది రోజులో చల్లారిపోయే మందు. కాసేపు పక్కన నిలబడినంత మాత్రాన పిల్లలకు తగిలేది చాలా కొంచెం. అంటుకునేదీ లేదు. నేను వచ్చి మళ్ళీ అందరినీ చూస్తాను, నీ బ్యాడ్జీ పరీక్షకు పంపిస్తాను. నువ్వు ఇప్పుడే వెళ్ళి పాలివ్వు. విన్నావా? ఇప్పుడే."

"మేడం, ఖాళీ చోట కొలిచాకే ఆయన మీద పెట్టాను."

"తెలుసమ్మా," అంది మేడం. గొంతు కాస్త మారింది. "ఆయన్ని మాత్రం సాయంత్రం దాకా ఎవరూ తిరగని గదిలో విడిగా కూర్చోబెట్టండి. నీళ్లు తాగుతూ ఉండమనండి. సంగతంతా రిజిస్టరులో రాయి. నువ్వే రాయి."

ఆమె క్రెష్‌లో మూలకి తిరిగి కూర్చుని పాపను ఒళ్లో వేసుకుంది. పాప కోపంగా తాగింది. అమ్మ కోపం అమ్మదైతే దాని కోపం దానిది. ఒక చేత్తో పాప వీపు నిమురుతూ, ఇంకో చేత్తో రిజిస్టరు ఒళ్లో ఆనించుకుని, తొమ్మిదో తరగతి చేతిరాతతో గాజులమ్మాయి ఇలా రాసింది. అనుమానం వచ్చిన వస్తువు: ఏఓ గారు. ఖాళీ చోట: మామూలు. ఆయన దగ్గర: లెక్కపెట్టడం కుదరలేదు. తీసుకున్న చర్య: దూరంగా పెట్టడమైనది. మెమోను నాలుగు మడతలు పెట్టి, చివరగా మిగిలిన చాక్‌పీసు గీతల సంచిలో వేసి టేపు చుట్టింది. చెప్పులు సంచి చింపి తీసుకుంది. రెండింటికి టీకా ఉంది. అత్తగారు అప్పటికే పరుపు మీద చోటు చేసి, బండివాణ్ణి తొందరపెడుతోంది.

ఏఓ గారిని వరండా చివర విరిగిన కుర్చీల గదిలో, టేపు చుట్టిన స్టూలు పక్కన కూర్చోబెట్టారు. ఆ గదికి ఫ్యాను ఉంది, కిటికీ ఉంది, పెద్ద సీసా నిండా నీళ్లు కూడా పెట్టారు. మనిషి మొండివాడు, పైగా గుండె జబ్బేమోనన్న దిగులు ఉన్నవాడు. అవమానంతో తాగుతున్నాడో లేదో తెలియదు. మీలో ఎవరికైనా అటువైపు పని పడితే, ఒకసారి ఆయన్ని పలకరించి, నీళ్లు తాగుతున్నాడో లేదో చూసి రండి.

చంకలో పిల్లను వేసుకుని మాత్రం వెళ్ళకండి.